ఆ సంచి అక్కడే వదిలెయ్

ఆగస్టు 3, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి, నీకు చెప్పులు ఏది ఎడమో ఏది కుడో నేర్పిన అక్క దీవించి రాస్తున్నది.

నీ క్షేమం అడగాల్సిన పని లేదు, పత్రికలో ఫొటో చూశాం. గడ్డం పెంచావు. రచయితలకు తప్పదేమో గానీ, దువ్వెన వాడకూడదని ఎవరూ చెప్పలేదు కదా! ఇక్కడ నేనూ, మీ బావా, పిల్లా బాగున్నాం. నాన్నకు కాస్త దగ్గు, తగ్గుతోంది.

ఫోన్లో చెప్పకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావా? ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

నీ నవల రెండో ముద్రణ వచ్చేవారం అచ్చుకు వెళ్తోందనీ, వెనక అట్టమీదికి ఇన్నేళ్లు విమానాల్లో పనిచేసినదానిగా నన్ను నాలుగు మాటలు రాయమనీ అడిగావు. చదివినవాళ్లు ఏమనుకుంటున్నారో కూడా కనుక్కోమన్నావు. ముందు ఆ సంగతి చెబుతాను.

నువ్వు పంపిన పుస్తకాలు మా సిబ్బంది గదిలో పెట్టాను. చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయాయి. మీ హీరో, ఆ దర్యాప్తు అధికారి, కాక్‌పిట్‌లోకి వంటింట్లోకి వెళ్లినట్టు వెళ్లిపోవడమేమిటని మా కో-పైలట్ పడీపడీ నవ్వాడు. నవ్వినవాడే బస్సులో అది చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయాడట. కథలో నువ్వు రాసినట్టు విమానం వాల్వు అలా పాడవదు, పాడైనా అలా దాచలేరు అని మా మెకానిక్ నాకు అరగంట పాఠం చెప్పాడు. అంతా చెప్పి, విలన్ దొరికాడో లేదో మాత్రం చెప్పకండి మేడమ్, ఇంకా యాభై పేజీలున్నాయి అని దండం పెట్టాడు. పై వాటాలో ఉండే పళ్ల డాక్టరమ్మ ఇక ఈ జన్మలో విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. తర్వాత వారమే ఏదో సదస్సుందని ఎక్కి వెళ్లింది. మీ బావకైతే, నవల మొత్తంలో హీరో ఒక్కపూట కూడా భోజనం చేయలేదని దిగులు.

తలా ఒక మాట అన్నా, ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యారు. పదిహేడో అధ్యాయం అద్భుతమన్నారు. రన్‌వే మీద విమానం అంటుకుంటుంది. జనమంతా తలుపుల వైపు పరుగెడుతుంటే మీ హీరో ఎదురు నడిచి, సీటు పైన అరలో ఉన్న తన సంచి తీసుకుంటాడు. విమానాల కంపెనీ దాచిన తప్పుకు సాక్ష్యం అందులోనే ఉంది మరి. దాన్ని గుండెలకు హత్తుకుని, మంటల్లోంచి, తలుపు దగ్గర విచ్చుకున్న జారుడు బల్ల మీదికి దూకుతాడు. మా దగ్గర కొత్తగా చేరిన ఎయిర్ హోస్టెస్ ఆ పేజీ చదివి కళ్లు తుడుచుకుంది. ఆ పిల్లకు శిక్షణ ఇచ్చింది నేనే. ప్రయాణికుడు సంచి కోసం ఆగితే ఏమని అరవాలో, గొంతు పోయేదాకా అరిపించి నేర్పాను. అలాంటిది, తనే సంచి కోసం ఆగినవాణ్ని చూసి ఏడ్చింది! నిజం చెప్తున్నాను, నాకు భయం వేసింది.

ఆ మాట నీతో ఫోన్లో అన్నాను. నువ్వు నవ్వావు. నవల చదివి విమానంలోంచి దిగడం ఎవరు నేర్చుకుంటారక్కా, కథను కథలా చూడు అన్నావు. పైగా పాఠకులు నెత్తిన పెట్టుకున్న అధ్యాయాన్ని ముట్టుకుంటే ప్రచురణకర్త నీ పీక పిసుకుతాడన్నావు. అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

పోయిన నెల మా విమానంలో పొగ వచ్చిన సంగతి పేపర్లో చదివి కంగారుగా ఫోన్ చేశావు గుర్తుందా? అందరం క్షేమం అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ రోజు ఏం జరిగిందో సరిగా చెబుతాను, విను.

విమానం నేలకు దిగింది, ఆగింది. జనం బెల్టులు విప్పుతుండగా వెనక వైపు నుంచి నల్లటి పొగ కమ్మేసింది. అందర్నీ దించెయ్యమని కెప్టెన్ ఆజ్ఞ. నేను ముందు తలుపు దగ్గర ఉన్నాను. తలుపు తీశాను, జారుడు బల్ల విచ్చుకుంది. సంచులు వదిలెయ్యండి, రండి, దూకండి అని అరుస్తున్నాను. ఆ అరుపు తప్ప మా దగ్గర వేరే ఆయుధం లేదురా. మొదటి వరసలవాళ్లు బుద్ధిగా వచ్చి దూకారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. తలుపు ఖాళీగా ఉంది. విమానం నిండా జనం ఉండగా తలుపు ఖాళీగా ఉండటం ఎంత ఘోరమో నీకు చెప్పలేను.

చూస్తే, మధ్యలో ఒకాయన దారికి అడ్డంగా నిలబడి చేతులు పైకెత్తి అరలోంచి సంచి లాగుతున్నాడు. పొగలో ముఖం ఆనలేదు, చేతులే కనిపించాయి. సంచి పట్టీ దేనికో తగులుకుంది. ఆయన వదలడు, అది రాదు. వెనక జనం దగ్గుతూ, ఏడుస్తూ తోసుకుంటున్నారు. నేను తలుపు వదిలి వెళ్లకూడదు. ఎంత అరిచానో నాకే తెలియదు. ఆయన వెనకున్న ఒకావిడ, టైలరమ్మట, ఆ తోపులాటలో సీట్ల మధ్య పడిపోయింది. ఆవిడ కాలు విరిగింది. చివరికి సంచి ఊడి వచ్చింది, ఆయనా కదిలాడు. తలుపు దగ్గరికి రాగానే సంచి లాక్కుని పక్కకు విసిరేసి, వీపు మీద చెయ్యి వేసి తోసేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

టైలరమ్మను మా కో-పైలట్ మోసుకొచ్చాడు. అందరూ బతికారు. పొగ ఇంకాస్త ముందు దట్టమై ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

కాబట్టి రచయిత గారూ, వినండి. పదిహేడో అధ్యాయం అలాగే ఉంటే నా నాలుగు మాటలు నీ అట్టమీద ఉండవు. అంతటితో ఆగను. నేను శిక్షణ ఇచ్చే ప్రతి తరగతిలోనూ నీ పుస్తకం ఎత్తి చూపించి, ఇది తప్పు, రాసింది నా తమ్ముడు అని చెబుతాను. నన్ను ఎరుగుదువు, అన్నానంటే చేస్తాను.

మీవాడు సంచి వదిలెయ్యాలి. చెయ్యి పైకి ఎత్తాలి, అందుకోబోవాలి, వెనక నిలబడ్డవాళ్లను చూడాలి, వదిలెయ్యాలి. సాక్ష్యం కాలిపోతుందంటావా? కాలిపోనీ. చేతిలో ఏమీ లేనివాడు ఆ కంపెనీని ఎలా నిలదీశాడన్నదే అసలు కథ అని నాకనిపిస్తుంది. అదెలా రాయాలో నన్నడక్కు. ఆ తిప్పలు నువ్వు పడు. ప్రచురణకర్త నీళ్లు నమిలితే ఫోన్ నాకివ్వు.

నువ్వు రాయగలవు. ఆ అధ్యాయం అంతమందిని ఏడిపించిందంటే నీ చేతిలో సత్తా ఉన్నట్టే. భయమంతా ఆ సత్తా చూసే.

అచ్చుకు పంపేలోపు కొత్త పేజీలు నాకు పంపు. వేళకు తిను, మీ హీరోలా ఉండకు.

ఇట్లు,
నీ మీద కోపమూ ప్రేమా ఒక్కలాగే ఉన్న
మీ అక్క

తా.క. ఇది రాయకూడదనుకున్నాను. చెప్పనని మాట కూడా ఇచ్చాను. అయినా చెబుతున్నాను. ఆ సంచి మనిషి నాన్న.

పెదనాన్న గారింటి నుంచి రైల్లో వచ్చారని నీకు అబద్ధం చెప్పాం. నా విమానంలోనే వచ్చారు. తలుపు దగ్గరికి వచ్చాకే ముఖం చూశాను, చూసి కూడా తోసేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో భోజనాల కుర్చీలు వరసగా వేసి, ఆయన్ను ప్రయాణికుడిగా కూర్చోబెట్టుకుని నేను అరవడం నేర్చుకునేదాన్ని. నా అరుపు ఆయన విన్నన్నిసార్లు లోకంలో ఏ ప్రయాణికుడూ విని ఉండడు. సంచిలో ఏముందో తెలుసా? రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. ఎందుకు నాన్నా అని అడిగాను. చెయ్యి దానంతట అదే పైకి వెళ్లిందమ్మా, మనవాడు రాసింది కళ్లముందు కదిలింది, తీసుకుని వెళ్లిపోవచ్చనిపించింది అన్నారు. వాడికి చెప్పకు, రాయడం మానేస్తాడు అని నా చేతులు పట్టుకున్నారు. మానకు. మానితే ఆయన తట్టుకోలేరు.

టైలరమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఆ సంచి మనిషిని నేనే అని నాన్న ఆవిడకు చెప్పుకున్నారు. రోజూ వెళ్లి పక్కన కూర్చుంటున్నారు. నిన్న ఆవిడ, మీ అబ్బాయి పుస్తకం రాశాడట కదా, పొద్దుపోవడం లేదు, ఇస్తారా అని అడిగింది. నాన్న నా వైపు చూశారు. ఈ ముద్రణ వద్దండీ, వచ్చేది తెచ్చి ఇస్తాను అని మాటిచ్చి వచ్చాను.