నిమిషానికొక రీడింగు

మందుల చల్లగది మెకానిక్ గారికి,

క్లౌడ్ పర్యవేక్షణ సంస్థ సహాయ విభాగం నుంచి రాస్తున్నాం. మా సర్వర్ చిరునామా మారింది. మీ దగ్గరున్న రీడింగుల పెట్టె ఇకపై గది ఉష్ణోగ్రతను కొత్త చిరునామాకు పంపాలి. సెట్టింగుల్లో ఏయే వరసలు మార్చాలో జతచేసిన కాగితంలో ఉంది. నెలాఖరుకల్లా రీడింగులు సరిగా అందకపోతే మీ యజమానికి తెలియజేయాల్సి వస్తుంది.

ఇట్లు,
సహాయ విభాగం గుమస్తా

తా.క.: మూడుసార్లు ఫోన్ చేశాం. ఎత్తి, ఊపిరి పీల్చి, పెట్టేస్తున్నారు.

---

సహాయ విభాగం అన్నగారికి నమస్కారాలు.

నేను మెకానిక్ గారి భార్యను. ఫోన్ ఎత్తింది నేనే. కొత్తవాళ్ళతో నోరు పెగలదు, క్షమించండి. ఆయన పని ఇప్పుడు నేను చూస్తున్నాను. నెలాఖరు దాకా చూసి, పని సవ్యంగా సాగితే ఈ ఉద్యోగమూ నేనుంటున్న గదీ నాకే ఉంచుతానని, లేకపోతే ఖాళీ చేయాలని యజమాని చెప్పారు. మీ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. పూటంతా పట్టింది.

ఉంటానండి,
మెకానిక్ గారి భార్య

తా.క.: నిమిషానికోసారి పంపమన్నారు. అన్నిసార్లు మీ తలుపు తట్టడం మర్యాద కాదని గంటకోసారి చేశాను.

---

అమ్మా,

మీ మర్యాద మా ప్రాణం మీదికొచ్చింది. గంటలో యాభై తొమ్మిది నిమిషాలు మీ గది ఉందో పోయిందో తెలియక ఇక్కడ అందరం గోళ్ళు కొరుక్కుంటున్నాం. దయచేసి నిమిషానికోసారి తట్టండి, మొహమాటపడకండి. ఇంకో సంగతి. వచ్చిన రీడింగులన్నీ నాలుగు డిగ్రీలే! ఇంత బుద్ధిమంతమైన గది మా దగ్గర ఇంకోటి లేదు. ఏం చేశారు? ఒకసారి ఆయన్ని ఫోన్లోకి రమ్మనండి.

ఇట్లు,
గుమస్తా

తా.క.: ఆయన సెలవులో ఉన్నారా?

---

అన్నగారికి నమస్కారాలు.

నిమిషానికి మార్చాను. తలుపు తీసినప్పుడల్లా గది తొమ్మిది డిగ్రీలకు పోతుందండీ. అది బయటివాళ్ళకు చెప్పుకునే మాటా అని, ఐదు దాటినవి పంపొద్దని ఒక వరస చేర్చాను. అదెలా కొట్టాలో మీ కాగితం వెనకవైపే దొరికింది. తప్పయితే తీసేస్తాను. ఆయన ఫోన్లోకి రాలేరు.

ఉంటానండి,
మెకానిక్ గారి భార్య

తా.క.: సెలవు కాదండీ.

---

అమ్మా,

ఆ వరస వెంటనే తీసేయండి. జ్వరం దాచుకుని డాక్టరుకు గోరింటాకు చూపించినట్టుంది.

మొత్తం పని మీమీద వదిలేసి తిరుగుతున్న మనిషికి గట్టిగా మందలింపు రాద్దామని కూర్చున్నాను. ఆధారం కోసం పాత రికార్డు తీశాను. కలం ఆగిపోయింది. అలారం మోగితే ఆయన గదికి చేరి దాన్ని ఆపే మీట నొక్కడానికి ఇదివరకు పది నిమిషాలు పట్టేది. ఈ మూడు నెలల్లో, మీరు పనిలోకి వచ్చి సెట్టింగులు మార్చేదాకా, ఒక్కసారి కూడా రెండు నిమిషాలు దాటలేదు! మందలింపు చింపేసి, ప్రశంసాపత్రం రాయించాను. యజమానికి కూడా నకలు పంపుతాం.

ఇట్లు,
గుమస్తా

తా.క.: మూడు నెలల కిందట ఆయనలో ఇంత మార్పు ఎలా వచ్చిందో నాలుగు ముక్కలు రాయమనండి. మిగతా బద్ధకస్తులకు చదివి వినిపిస్తాం.

---

అన్నగారికి,

మూడు నెలల కిందట ఆయన పోయారు. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను.

రెండు నిమిషాల్లో చేరింది నేను. ఆ పది నిమిషాలు బద్ధకం కాదండీ. మా గదికీ చల్లగదికీ మధ్య ముప్పై మెట్లున్నాయి. చివరి ఏడాది ఆయనకు ఊపిరి అందేది కాదు. మధ్యలో రెండుసార్లు కూర్చునేవారు. నేను వెళ్తానంటే, "నువ్వు కూర్చోవే, ఇదిగో వచ్చేస్తా" అనేవారు. తెలిస్తే పని తీసేస్తారని ఎవరికీ చెప్పనివ్వలేదు. ఒక్కసారి కూడా మందులు పాడవలేదు.

మీరు తీసేయమన్న వరస తీసేశాను. అలారం ఎవరికి మోగాలో చెప్పే వరసలో ఆయన పేరు చెరిపి నా పేరు కొట్టాను. చెరపడానికే ఎక్కువసేపు పట్టింది. రెండు నిమిషాల సంగతి యజమానికి నా పేరుతో రాయండి. నాకు ఈ పని కావాలి.

ఇట్లు,
చల్లగది మెకానిక్

తా.క.: ప్రశంసాపత్రం మాత్రం ఆయన పేరు మీదే ఉంచండి. ఆ పది నిమిషాలకు.