వెనక సీటు పరీక్ష

బాబాయ్,

నీ మోటార్‌సైకిల్ మైలేజీ గురించి, పికప్ గురించి నువ్వు రాసిన నాలుగు పేజీలూ అందాయి. నాన్న నాచేత గట్టిగా చదివించుకుని, "నా స్కూటర్‌కి స్టెప్నీ ఉంది, వాడి డొక్కు బండికేముందో అడగవే" అన్నాడు. అడిగాను, నా పని అయిపోయింది.

సోమవారం నుంచి నాకు ల్యాబులో పొద్దుటి షిఫ్టు. ఆ వేళకి బస్సుల్లేవు. ఆలస్యమైతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. అందుకే మీ రెండు పాత బళ్లలో ఏదో ఒకటి ఇమ్మన్నాను. మీరేమో పోటీ పెట్టుకున్నారు. వంతెన ఎక్కడంలో ఏది మేలో తేల్చాలని, బరువు కోసం ఇద్దరూ నన్నే వెనక కూర్చోబెట్టుకున్నారు. బ్రేకుల పరీక్షకీ నేనే బస్తా. లైసెన్సు ఉన్న నన్ను హ్యాండిల్ మాత్రం ముట్టనివ్వలేదు.

నిన్న మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే స్కూటర్ ఎక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ నేలకి ఆనాయి. ఆపి ఉన్న నీ బండి మొన్నే ఎక్కి చూశాను, మునివేళ్లే తగిలాయి. ఆ కొలత మీ ఇద్దరికీ తట్టనే లేదు.

స్కూటరే తీసుకుంటున్నాను. గెలిచానని నాన్న మీసం మెలేస్తున్నాడు. అందుకే ఆదివారం తనని వెనక కూర్చోబెట్టుకుని నేనే వంతెన ఎక్కిస్తాను. నువ్వూ రా, తర్వాతి చుట్టు నీదే. బస్తాలు మాట్లాడవని ఇద్దరూ గుర్తుపెట్టుకోండి.

నీ అన్న కూతురు