నాలుగు వేళ్ల మడత

జిబూతి పట్నం,
చలి లేని మాఘమాసం

చిరంజీవి తమ్ముడు మల్లయ్యను అన్న రాజయ్య సముద్రం అవతలి నుంచి దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేను క్షేమం. మోకాలి నొప్పి కూడా నాతోపాటే క్షేమంగా ఉంది. నువ్వు, మరదలు, పిల్లలు, నెల్లికుదురులో మేనత్త ఎలా ఉన్నారో రాయి. మేనత్త కంటికి ఆపరేషన్ అయిందన్నావు. ఇప్పుడు మనుషులను చూసి తిడుతోందా, మునుపటిలా గొంతు విని తిడుతోందా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలంగాణ ఉద్యమం పిలగాళ్లు మహబూబాబాద్‌లో మన కుట్టు షాపు ముందుకు వచ్చి, "ఆంధ్రాయన పేరు బోర్డు మీదికెళ్లి తీసెయ్యి మల్లన్నా, ఉగాది దాక టైమిస్తున్నం" అన్నారని రాశావు. పాతికేళ్లకు పైగా మనతో కలిసి బట్ట కత్తిరిస్తున్న సుబ్బారావును ఉంచాలా, పంపాలా అని అడిగావు. ఫోనులో చెప్పేవాడినే. కానీ నా మాట నువ్వు ఒకరకంగా విని, ఆయనకు ఇంకోరకంగా చెబుతావు. కాగితమైతే చదివి వినిపించవచ్చు. జవాబు ఉంది, కాస్త చుట్టు తిరిగి వస్తాను. నా సంగతి నీకు కొత్త కాదు.

ఈ దేశం మన వరంగల్ జిల్లాకు రెట్టింపు కూడా ఉండదు. ఎండాకాలంలో గాలి కొలిమి ముందు కూర్చున్నట్టు ఉంటుంది గానీ, ఇప్పుడు బాగుంది. పొద్దున ఫ్రాన్సు రొట్టె తింటాను. అది మన కొలత కర్ర అంత పొడుగు, దాదాపు అంతే గట్టి. సాయంత్రం ఇక్కడివాళ్ల అట్టు, అచ్చం మన అట్టులాగే చిల్లులు చిల్లులుగా ఉంటుంది. ఆ అట్టు తిన్ననాడు ఇల్లు గుర్తుకొస్తుంది. మధ్యాహ్నమైతే పక్క దేశం నుంచి ఒక రకం ఆకు వస్తుంది. మగవాళ్లంతా పని ఆపి దానికోసం ఎదురుచూస్తారు, తర్వాత బుగ్గన పెట్టుకుని లోకాన్ని దిద్దుతారు. మన కల్లు మండువలో జరిగేదే, ఇక్కడ నమిలి చేస్తారు. నేను ముట్టలేదు, మరదలికి చెప్పు. శుక్రవారం సెలవు. ఆ రోజు రేవుకు పోయి ఓడలు చూస్తూ కూర్చుంటాను. మిగతా రోజులు మిషనుతో తెలుగులో మాట్లాడతాను. అది మాత్రం ఎదురు చెప్పదు.

మా సేటు గుజరాత్ ఆయన. ఇక్కడి ఫ్రాన్సు దండుకు బట్టలు కుట్టే పని మా షాపుదే. ఫ్రాన్సువాళ్లు ఈ దేశాన్ని ఏలి దిగిపోయి ముప్పై ఏళ్లు దాటింది. దిగారు గానీ పోలేదు. ఓడలన్నీ ఈ సముద్రం మూతి దగ్గరి నుంచే పోవాలి కాబట్టి వాళ్లకు ఇక్కడ చోటు కావాలి. వీళ్లదేమో చిన్న దేశం, ఎవరైనా మీదికొస్తే అడ్డం నిలిచే మనిషి కావాలి. అందుకని ఒప్పందం రాసుకున్నారు. ఈ మధ్య ఆ పాతదాన్ని పక్కనపెట్టి కొత్తది రాసుకున్నారు. సంతకాలు అక్కడ పారిస్‌లో అయితే, ఇక్కడ దండులో చిన్న సభ పెట్టారు. సభకు రెండు జెండాలు కావాలి. ఫ్రాన్సు జెండా కుట్టిందే వచ్చింది. అదే కొలతకు ఈ దేశపు జెండా కుట్టమని నాకిచ్చారు.

కుట్టాను. సభకు ముందురోజు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పరిస్తే, నాది నాలుగు వేళ్లు కురచ.

ఫ్రాన్సు సార్జెంటు ఏదో అని నవ్వాడు. సేటు నా చెవిలో చెప్పాడు, "నాలుగు వేళ్లే కదా, పైన ఎగిరేటప్పుడు ఎవరు చూస్తారు" అన్నాడట. ఈ దేశం తరఫున ఏర్పాట్లు చూసే అమ్మాయి ఫాతుమా. హైదరాబాద్‌లో మూడేళ్లు చదివింది, మన పాతబస్తీ ఉర్దూ గలగల మాట్లాడుతుంది. ఆమె మాటలు మన మాటల్లో రాస్తున్నాను.

"అయితే మీ జెండనే నాలుగు వేళ్లు కోద్దాం. పైన ఎవరు చూస్తరు" అన్నది సార్జెంటుతో వాళ్ల భాషలో, అదీ సేటే చెప్పాడు. ఆయన నవ్వు ఆపేశాడు.

నావైపు తిరిగింది. "చాచా, పాత కాయిదం వాళ్లు దిగిపొయ్యేటప్పుడు రాసింది. మేం అప్పుడే కండ్లు తెరిచినం, ఏడ సంతకం పెట్టుమంటే ఆడ పెట్టినం. ఇప్పుడు ఎదురెదురుంగ కూసొని రాసుకున్నం, దాచిపెట్టిన మాట ఒక్కటి లేకుంట. ఇన్నేండ్లకు పక్కపక్కన నిలబడదామంటే నువ్వు మమ్ముల కురచ చేస్తివి. ఎవరు చెప్పిన్రు నీకు?"

సేటు ముఖంలో నెత్తురు లేదు. దండు పని పోతే నేనూ ఇంటిదారి పట్టాల్సిందే.

"ఎవరు చెప్పలే బేటీ. నా చెయ్యి చేసిన పని గిది. నలభై ఏండ్లు బడిపిల్లల బట్టలు కుట్టిన. పెరిగే పిల్లలని నాలుగు వేళ్ల బట్ట లోపటికి మడిచి కుడతం. మీ దేశం వయసెంత అని సేటునడిగితే ముప్పై దాటింది అన్నడు. దేశాలల్ల అది పసిదే గద. చెయ్యి దానంతట అదే మడిచింది. బట్ట ఏడికి పోలే, జర తిప్పి చూడు."

ఆమె అంచు తిప్పి మడత చూసింది. తర్వాత, "హైదరాబాద్‌ల నా కుర్తాలు కుట్టినాయిన గూడ గిట్లనే మడిచిండు. ఇప్పటికి ఆ మడతలు విప్పుకుంట తొడుగుతున్న" అని నవ్వింది.

కుట్టు విప్పాను, ఇస్త్రీ చేశాను. రెండూ సమానమయ్యాయి. పాత మడత గీత మాత్రం సన్నగా మిగిలింది. మళ్లీ నీళ్లు చల్లబోతే, "ఉండనియ్యి చాచా" అన్నది.

ఇప్పుడు మన బోర్డు గుర్తుచేసుకో. పైన సుబ్బారావు పేరు జానెడు అక్షరాల్లో, కింద నీ పేరు బెత్తెడు అక్షరాల్లో. రాయించిన రోజు ఆయన ఏమన్నాడు? "కోస్తా కటింగంటే గిరాకీ వస్తుందండీ, మీ పేరు కిందుంటే ఏం పోయిందండీ" అన్నాడు. మనం చాయ్ తాగి ఊరుకున్నాం. ఆయన పెద్దగా రాయించుకున్నది నిజం. మన పేరును మనమే మడిచిపెట్టుకున్నదీ నిజం. నీ మణికట్టు విరిగిన ఏడు బడి బట్టలన్నీ ఆయనొక్కడే కుట్టి ఇచ్చిందీ నిజమే. మొన్న రోడ్డు మీద వంటావార్పు నాడు ఉప్మా కలిపింది ఆయనే అని నువ్వే రాశావు. ఉప్పు ఎక్కువైందని తిట్టుకుంటూనే తిన్నారు కదా ఆ పిలగాళ్లు.

తెలంగాణ వస్తుంది. అందులో నాకు అనుమానం లేదు. వచ్చాక కూడా ఆయన కత్తెర మన షాపులోనే ఉండాలి. పేరు తీయవద్దు. బోర్డు కొత్తగా రాయించు, రెండు పేర్లూ ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో. నా పాత టేపు సొరుగులో ఉంది. పిలగాళ్లను పిలిచి, వాళ్ల ముందరే కొలువు. వాళ్లు అడిగేదీ సమానమే కదా, కొలిచి చూపిస్తే ఒప్పుకుంటారు.

ఈ నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించు. సుబ్బారావు గారూ, మీకు ఇది ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. రెండు షాపులు పెట్టుకుందాం, పొద్దుటి చాయ్ మాత్రం కలిసే తాగుదాం. ఇష్టమైతే రంగు డబ్బా మీరే తెండి. ఇన్నాళ్లూ ఎక్కువ రంగు మీ పేరే తాగింది.

తమ్ముడూ, ఎవరైనా ఇటు వస్తే చింతకాయ తొక్కు పంపు. మేనత్త కాళ్లకు నా దండం, ఆమె దీవెన అడిగానని చెప్పు. తిట్టినా సరే, దీవెన కింద రాసుకుంటాను. మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు. బోర్డు ఎక్కించిన రోజు ఫోటో తీయించి పంపు. నేనూ ఇక్కడ టేపు పట్టి చూస్తాను.

మీ అందరి మేలు కోరే అన్న,
రాజయ్య