వదలమనని ఊపిరి

మంగళవారం, రాత్రి

ఈ రోజు మరిపెడ నుంచి వచ్చిన ఎల్లమ్మ గుండెకు ఎమ్మారై తీశాను. గుండె ఎలాగూ ఆగదు. ఊపిరి కూడా ఆడితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకే మైకులో "ఊపిరి బిగపట్టు పెద్దమ్మా" అన్నాను. తెరమీద ఆమె గుండె గీత లయ తప్పుతోంది. ఆ గీతనే చూస్తూ, ఊపిరి వదలమనడం మరిచిపోయాను. పక్కనున్న ఊపిరి గీత ఎంతసేపటి నుంచి కదల్లేదో! గుర్తొచ్చి "వదులు పెద్దమ్మా" అని అరిచాను.

మెషీన్‌లోంచి బయటికి తెచ్చాక కూడా ఆమె రొప్పుతూనే ఉంది.

"నువ్వు ఇడువుమనలే గద బిడ్డా, గందుకే ఆపుకున్న. ఫోటో మంచిగొచ్చిందా?"

వచ్చింది. ఇంత స్పష్టమైన బొమ్మ ఈ మధ్య చూడలేదని డాక్టర్ గారు మెచ్చుకున్నారు. ఎందుకంత బాగా వచ్చిందో ఈ డైరీలో మాత్రమే రాస్తున్నాను.