అద్దెకివ్వని ఇల్లు

చిట్టీ,

ఈ ఉత్తరం చదివేటప్పుడు మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోకు. ఫోన్‌లో చెబుదామనుకున్నాను కానీ నీ గొంతు వినగానే పిల్లల జలుబు గురించి అడిగి పెట్టేశాను.

సెలవులకు మనం వెళ్లిన ఆ సముద్రం ఒడ్డు ఇంటి ఓనరు, తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని ఇల్లు ఇవ్వలేకపోయాడని చెప్పాను కదా. అబద్ధం. ఆ ఓనరూ లేడు, అతని తల్లీ లేదు. నేను మోసపోయాను.

డబ్బు సైట్‌లోనే కట్టండి, బయట కట్టొద్దు అని నేను ఆ ఇల్లు చూసిన అద్దెల సైట్‌లో ఎర్రక్షరాలతో రాసే ఉంది. కమీషన్ పోతుందని వాళ్ల ఏడుపు అనుకున్నాను. ఓనరునని చెప్పుకున్నవాడు నేరుగా తనకే పంపమన్నాడు, నేను బేరం మొదలుపెట్టాను. ముందు ససేమిరా అన్నాడు, తర్వాత గొణుక్కుంటూ తగ్గించాడు. చివరికి "మీరు కాబట్టి ఇస్తున్నాను, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. బట్టల కొట్లో కౌంటర్ వెనక నిలబడి రోజూ నేను అనే మాటే అది. నాకు తగ్గించాడని మురిసిపోయాను చూడు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వీడియోలో ఇల్లు చూపించమని అడగమని నువ్వు చెప్పావు. నాకు పాఠాలు చెప్పకు అని కసిరాను. అమ్మ పోయాక మనకు మాటలు లేకుండా పోయింది కూడా నేనెవరి మాటా విననందుకే. ఈ ప్రయాణంతోనైనా నిన్ను మళ్లీ దగ్గరికి తీసుకుందామనుకున్నాను.

ఆ ఇంటి ముందు నేనొక్కదాన్నే దిగాను, మీరంతా కార్లో ఉన్నారు. గేటు తీసినావిడ చేతులకు సబ్బు నురగ. నా ఫోన్‌లో ఫొటోలు చూసి, ఇల్లు తమదేననీ, ఎప్పుడూ అద్దెకివ్వలేదనీ, మనలాగే ఇంకొకళ్లు వచ్చి వెళ్లారనీ చెప్పింది. ఫొటోలో ఉన్న నీలం కుర్చీ ఆవిడ వెనకే ఉంది. అందులో ఆవిడ మనవరాలు కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. పోనీ ఒక్క గదైనా ఇవ్వమని బతిమాలాను. తల అడ్డంగా ఊపి గేటు వేసుకుంది.

మీ దగ్గరికి నవ్వుమొహంతో వచ్చి ఆ కథ అల్లాను. "పాపం, ఆవిడ త్వరగా కోలుకోవాలి" అన్నావు నువ్వు. అది మాత్రం తట్టుకోలేకపోయాను. నీకు మొహం చూపించాలంటే సిగ్గుగా ఉంది. ఇక నాతో ఎక్కడికీ రానన్నా నేనేమీ అనుకోను.

ఇట్లు,
నీ అక్క


అక్కా,

మీ మరిదికి తెలుసు. నాకూ తెలుసు, బయల్దేరకముందే. నువ్వు పంపిన ఫొటోలు పెట్టి నెట్‌లో వెతికితే అదే ఇల్లు ఇంకో ఊరి పేరుతో, ఇంకో ఓనరు పేరుతో కనిపించింది. అంత సీజన్‌లో, ఆ రాత్రి మనం దిగిన లాడ్జిలో గదులు మనకోసం ఖాళీగా ఉంటాయా? నేనే ముందుగా చెప్పి ఉంచాను.

డబ్బు ఎలాగూ కట్టేశావు, చెబితే ప్రయాణం మానేస్తావని భయపడ్డాను. మీ మరిదికి అదే చెప్పాను. అందులో సగమే నిజం. మిగతా సగం రాయడానికి చెయ్యి రావడం లేదు.

చిన్నప్పటి నుంచీ మనింట్లో నీ మాటే చెల్లింది. నీ మాట తప్పయితే నీ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. అందుకే కారు అద్దం దించుకుని కూర్చున్నాను. నువ్వు ఒక్క గది కోసం ఆవిణ్ని బతిమాలడం విన్నాను. పైగా ఆ లేని ముసలావిడ కోలుకోవాలని కూడా అన్నాను, నవ్వు ఆపుకుంటూ. నువ్వు సామాన్లు సర్దే వంకతో అటు తిరిగి కళ్లు తుడుచుకున్నావు. అప్పుడు పోయింది నా నవ్వు.

ఫిర్యాదు ఇవ్వడానికి నేనూ వస్తాను, నువ్వు రానిస్తే. వాడి సంగతి సరే. నిన్ను మోసం చేసినవాడికి నువ్వెవరో తెలియదు. నేను అన్నీ తెలిసి, కార్లోంచి దిగలేదు.

నీ చెల్లెలు