కాలేజీ చూపులు

నందిగామ,
5-6-1961

పూజ్యులైన పెదనాన్నగారికి, స్వరాజ్యం నమస్కారాలు.

పి.యు.సి. ప్యాసయ్యాను. బెజవాడ కాలేజీలో బి.కాం. చదవాలని ఉంది. మన మిరపకాయల ధర మన కళ్లంలో ఎవరూ నిర్ణయించరు. ఎక్కడ, ఎలా నిర్ణయిస్తారో తెలుసుకోవాలని నా కోరిక. నాన్నకు ఎదురుగా చెప్పలేక, అమ్మ చేత చెప్పించాను. "ఇన్నాళ్లూ సిస్టర్ల హాస్టలు కాబట్టి పంపాను. ఆ కాలేజీలో ఆడపిల్లలకు హాస్టలు లేదు. బెజవాడలో మనవాళ్లెవరూ లేరు. ఎక్కడుంటుంది?" అన్నారు. చివరికి, "అన్నయ్య చూసి మంచిదంటే ఆలోచిద్దాం" అన్నారు. మన ఇంటి సంబంధాలన్నీ చూసింది మీరే కనుక ఆ నమ్మకం. దయచేసి త్వరగా చూడండి.

మీ
స్వరాజ్యం

తా.క.: కమలక్కయ్యకు ఈసారి ఏ సంబంధం తిరగ్గొట్టారో అడగమని అమ్మ అంది. నేను అడగడం లేదు.

జగ్గయ్యపేట,
10-6-1961

చిరంజీవి స్వరాజ్యానికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న బెజవాడ వెళ్లొచ్చా. కాలేజీ లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. సంబంధానికి వెళ్లినవాడు ముందు వీధిలో విచారించాలిగాని సరాసరి గుమ్మం ఎక్కకూడదు. ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని, పాలావిణ్ణీ కిళ్లీకొట్టువాణ్ణీ అడిగా. నీ చదువు చెప్పేది వరప్రసాదరావనే కుర్రాడట. చెప్పేవాడు మంచివాడైతేనే చదువు మంచిది. అందుకని వయసెంత, ఏ ఊరివాళ్లు, సిగరెట్టు తాగుతాడా, తల్లిని ఎలా చూసుకుంటాడు, అన్నీ కనుక్కున్నా. మచ్చలేని మనిషి. కాలేజీ మంచిదేనని మీ నాన్నతో చెప్పు. ఆ వీధివాళ్లు కూడా పిల్ల ఎవరి తాలూకు, రంగేమిటి అని అడిగారు. సీటివ్వడానికి రంగు కూడా చూస్తారు కాబోలు. చామనచాయ అని ఉన్నమాటే చెప్పా.

నీ పెదనాన్న,
వెంకటరత్నం

తా.క.: తిరగ్గొట్టింది ఒకటి కాదు, రెండని మీ అమ్మతో చెప్పు. ఒకడు నడుస్తూ నడుస్తూ వెనక్కి చూస్తాడు. రెండోవాడు అసలు చూడడు.

నందిగామ,
14-6-1961

పెదనాన్నగారికి నమస్కారాలు.

తొందరగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. ఆ వరప్రసాదరావుగారి తల్లి రత్తమ్మగారు నాన్నకు ఉత్తరం రాశారు. "మీ అన్నగారు మావాడి గురించి వీధంతా విచారించి వెళ్లారు. మాకూ ఇష్టమే. శుక్రవారం అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నాం" అని.

నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. తరవాత, "కాలేజీని చూడమంటే పంతుల్ని చూసొచ్చాడా?" అన్నారు. ఇంకాసేపటికి, "అయినా మనవాళ్లేనట" అన్నారు. ఆ రెండో మాటకే నాకు భయంగా ఉంది. ఆయన దగ్గర పాఠం వినాలనుకున్నానుగాని ఆయనకు కాఫీ ఇవ్వాలనుకోలేదు. వచ్చి ఆపండి.

మీ
స్వరాజ్యం

తా.క.: అమ్మ జంతికలు మొదలుపెట్టింది.

జగ్గయ్యపేట,
15-6-1961

చిరంజీవి స్వరాజ్యానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి కూర్చున్నవాణ్ణి గభాల్న లేచా. నడుం పట్టేసింది. బస్సెక్కలేను. పక్కింటి అమీర్‌బీ నందిగామలో చుట్టాలింటికి వస్తోంది, ఆవిడ వెంట కమలని పంపుతున్నా. ఈ సంబంధం మాకు వద్దని నా మాటగా అది చెబుతుంది. నువ్వు తల దించుకు కూర్చోకు. అలా కూర్చుంటే వాళ్లకి మరీ నచ్చుతావు.

నీ పెదనాన్న,
వెంకటరత్నం

తా.క.: జంతికలు కాసిని కమల చేత పంపండి.

నందిగామ,
17-6-1961

పెదనాన్నగారికి నమస్కారాలు. కూర్చుని చదవండి. నడుం జాగ్రత్త.

మీరు చెప్పినట్టే తలెత్తి, "నాకు పెళ్లి వద్దండీ, సీటు కావాలి" అన్నాను. అప్పుడు కమలక్కయ్య లేచి, "ఈ సంబంధం వద్దని మా నాన్న చెప్పమన్నారండీ. ఆయనకి ఏ సంబంధమూ నచ్చదు" అంది. ఎందుకని రత్తమ్మగారు అడిగారు. అక్కయ్య, వెనక్కి చూసినవాడితో మొదలుపెట్టి, మీరు తిరగ్గొట్టిన వాళ్లందరి సంగతీ వరసగా చెప్పింది. వరప్రసాదరావుగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. రత్తమ్మగారు కొడుకు వంక చూసి, "మరి ఈ అమ్మాయికి పెళ్లయిందా?" అని అమ్మను అడిగారు.

మచ్చలేని మనిషని మీరే రాశారు కదా అని నాన్న మాట ఇచ్చేశారు. ముహూర్తం కాలేజీ తెరిచేలోగా ఉండాలని కూడా ఆయనే పట్టుబట్టారు. బెజవాడలో ఇప్పుడు మనవాళ్లున్నారట. నేను అక్కయ్య ఇంట్లో ఉండి చదువుకోవచ్చట.

మీ
స్వరాజ్యం

తా.క.: వెళ్లేటప్పుడు ఆయన వెనక్కి చూశారు. అక్కయ్య మీకు చెప్పవద్దంది.