పంతొమ్మిది పరమాణువుల లెక్క

మార్చి 9, ఆదివారం

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ తాతయ్యా కులాసా. ఆయన మోకాలు మాత్రం కులాసా కాదు, నోటికి ఏ లోటూ లేదు. నీ ఉత్తరం మంగళవారం అందింది. నాలుగు ప్రశ్నలున్నాయి, తేదీ లేదు. ఉత్తరానికి తేదీ వేయమని ఎన్నిసార్లు చెప్పాలి?

మొదటి రెండింటికీ జవాబు: కళ్ళకు కొత్త అద్దాలు వచ్చాయి, బాగానే కనిపిస్తోంది. కిటికీ దగ్గరి నా బల్ల నీకే. సిద్ధాంత గ్రంథం ముగించి పట్టుకుపో.

మూడో ప్రశ్న కోపం తెప్పించింది. రాగి ఉపరితలం మీద కార్బన్ మోనాక్సైడ్ అణువు పట్టు ఎంతో నీ కంప్యూటర్ లెక్కగట్టి, పదిహేను పాయింట్ తొమ్మిది కిలోకెలరీలంది. ఉద్యోగంలో ఉండగా నేను అచ్చువేయించిన పత్రంలో ఇరవై రెండు. "ఉపరితలమంతటికీ బదులు పది రాగి పరమాణువుల గుత్తితో లెక్క వేస్తే చాలని ఆ పత్రం ఎప్పుడో తేల్చేసింది. నీ తప్పేదో వెతుక్కుని రా, అప్పుడు గ్రంథం మీద సంతకం పెడతా" అన్నారట మీ గైడు మేడం. పై వరుస పరమాణువులను వెంట్రుకవాసి పైకి జరిపితే ఇరవై రెండు వస్తుందట. "జరిపేయనా అమ్మమ్మా?" అని అడిగావు.

జరపకు. నీ చిన్నప్పుడు కూడికలో ఒకటి తేడా వస్తే పలకంతా తుడిపించినదాన్ని. నన్నా అడుగుతున్నావు?

ఇక నాలుగోది. 'పంతొమ్మిది పరమాణువుల పెద్ద గుత్తి లెక్క ముగియలేదని పత్రంలో ఉంది కదా, ఎందుకు ఆగిపోయింది?' నాలుగు రోజులుగా నా కలం ఇక్కడే ఆగింది.

ఆ లెక్క ఆగిపోలేదు తల్లీ. ముగిసింది.

అప్పట్లో భవనమంతటికీ ఒకటే కంప్యూటరు. పంతొమ్మిది పరమాణువుల లెక్కకు తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు ఉదయం పదకొండింటికి కాగితం చేతికొచ్చింది. పదిహేను పాయింట్ నాలుగు. పది చాలన్న మా పత్రం అప్పటికి టైపు కూడా అయిపోయింది. మెట్ల దగ్గర ప్రొఫెసరుగారు ఎదురయ్యారు.

"ఏమ్మా, పెద్దది తేలిందా?"

కాగితం నా సంచిలోనే ఉంది. "ఇంకా ముగియలేదండీ" అన్నాను.

"సరే, ఆ ముక్కే రాసేద్దాం."

ఆ ముక్క రాసింది నేనే. పంతొమ్మిదిలోనే ఏదో పొరపాటు ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ వేసి చూడలేదు. అదే జవాబు వస్తుందేమోనని భయం. నా లెక్కల రిజిస్టరులో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మొన్న మీ తాతయ్యతో చెప్పాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ అడిగారు.

"ఇన్నేళ్ళకు ఎవరడిగారే?"

"మనవరాలు."

"అయితే చెప్పాల్సిందే. అదీ నీలాగే, పట్టుకుంటే వదలదు."

ఆ పత్రం వేసిన పత్రిక సంపాదకులకు నిన్న జరిగినదంతా రాసి ఉత్తరం పోస్టు చేశాను. రిజిస్టరులోని ఆ పేజీ దీంతో పంపుతున్నాను. నేను పేజీ చింపడం ఇదే మొదలు. మీ మేడంకు చూపించు. నీ లెక్కలో అంకె కదిలించకు. ఈ సంగతి గ్రంథంలో రాసేటప్పుడు అమ్మమ్మ కదా అని మొహమాటపడి 'గతంలో కొందరు' అని దాటేయకు. నా పేరు రాయి.

తేదీ కూడా వెయ్యి.

ఇట్లు,
నీ పలక తుడిపించిన
అమ్మమ్మ